ముప్ఫై రెండు కుట్లు

పోయిన వస్తువును వెతికిపెట్టమని సెతోగుచి తొమోఏ దగ్గరికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. వచ్చిన వస్తువు ఎలా వచ్చిందో కనిపెట్టమని అడిగింది మాత్రం ఉఎమురా చియో ఒక్కతే.

"తాళం వేసిన అద్దాల పెట్టెలో ఎవరో ఓ వస్తువు పెట్టి వెళ్లారండీ. ఏమీ పోలేదు. అదే నాకు భయంగా ఉంది" అంది పొద్దున ఫోనులో.

సెతోగుచి పోలీసు శాఖలో ఇరవై రెండేళ్లు చేసింది. ఆ తర్వాత కగోషిమాలో ఒంటిగది ఆఫీసు తెరిచి ఆరేళ్లయింది. వయసు యాభై మూడు. ఎడమ మోకాలు నొప్పి. మెట్లంటే కోపం. అయినా ఆ ఫోను పెట్టేశాక ఆమె మోకాలి సంగతి మరిచిపోయి బస్సెక్కేసింది. కుతూహలం పుడితే ఆమెకు వేరే మందు అక్కర్లేదు.

రెండూ పదికి ఉరాహమ పాత బడి మేడ మీద ఉన్న స్మారక గదిలో అడుగుపెట్టింది. యుద్ధంలో నౌకాదళ విమానాల మీద వెళ్లి తిరిగిరాని ముప్ఫై ఏడుగురు ఆ ఊరి చుట్టుపక్కల వాళ్లు. ఒక్కొక్కరికీ గోడవారగా కాళ్ల మీద నిలబెట్టిన ఒక్కో కర్ర పెట్టె, ముందు అద్దం తలుపు, దానికో ఇత్తడి తాళం. ఒకదాంట్లో పైలట్ గాలి కళ్లజోడు, ఇంకోదాంట్లో మౌత్ ఆర్గాన్, మరోదాంట్లో అమ్మకు రాసి పోస్టు చెయ్యని ఉత్తరం. పద్దెనిమిదో పెట్టెలో మొన్నటిదాకా ఒక ఫోటో, ఒక తెల్ల చెక్క డబ్బా తప్ప ఏమీ లేవు. డబ్బాలో కాగితంలో చుట్టిన ఒక గులకరాయి. శవం దొరక్క, 1944 నవంబరులో నౌకాదళం చియో అన్న ఉఎమురా మిత్సువో ఇంటికి అస్థికల పేరుతో పంపింది అదే.

ఇప్పుడు ఆ డబ్బా పక్కన మడతపెట్టిన వెయ్యి కుట్ల పట్టీ ఉంది.

గది చూసుకునే కొమాకికి అరవై ఆరేళ్లు. పందొమ్మిదో పెట్టె ఆయన అన్న యొషితోది. ఆ అన్న నడిపిన విమానంలోనే, ఆయన వెనక సీట్లో, మిత్సువో దారి చూసేవాడు. ఇద్దరూ పోయింది 1944 అక్టోబరు 14న, తైవాన్ సముద్రం మీద. ఆ విమానంలోని మూడో మనిషి తరఫున అడిగేవాళ్లెవరూ మిగల్లేదు. ఏటా ఆ రోజునే కుటుంబాలన్నీ ఇక్కడ చేరతాయి. రేపే అది.

"తాళం చెవి ఎక్కడుంటుంది కొమాకిగారూ?"

"నా మెడలో. స్నానానికి దిగినా తియ్యను. మా ఆవిడకి దీని మీద అసూయ కూడానూ."

"నిన్న ఏం జరిగిందో గంటల లెక్కన చెప్పండి."

"తొమ్మిదింటికి తెరిచా. తొమ్మిదీ పది నుంచి తొమ్మిదీ నలభై దాకా అన్ని పెట్టెలూ తుడిచా. పద్దెనిమిదిలో ఈ పట్టీ లేదు. తొమ్మిదీ యాభైకి మియజాకీ నుంచి ఓ జంట వచ్చారు. నేను పక్కనే ఉన్నా. పదీ పావుకి వెళ్లిపోయారు. పదీ ఇరవైకి పూల కొట్టువాడు ఫోను చేస్తే కిందికి వెళ్లా. చామంతులు తెల్లవా పసుపువా అని పావుగంట తిన్నాడు. పైకి వచ్చేసరికి ఉంది!"

"ఆ పావుగంటలో పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. మేస్త్రీ ఒక్కడే. ఆ తలుపు దగ్గర కూర్చునే ఉన్నాడు. ఎవరొచ్చినా ఆయన్ని దాటే రావాలి. ఒక్క పురుగు కూడా రాలేదన్నాడు. ఏమయ్యా మేస్త్రీ?"

గది చివర తలుపు కింది పట్టెకు చిత్రిక పడుతున్న ముసలి వడ్రంగి తలెత్తకుండానే ఊఁకొట్టాడు. పేరు బెప్పు. కుడి చెవి ఉండాల్సిన చోట ముడతలు పడ్డ కాలిన చర్మం ఉంది. టోపీ కిందికి లాక్కున్నాడు.

"అఖాతం అవతల ఊరాయన" అన్నాడు కొమాకి. "పదకొండేళ్ల కింద ఈ పెట్టెలన్నీ ఆయనే చేశాడు. కూలి తీసుకోమంటే ఒక టీ చాలన్నాడు. ఏటా అక్టోబరులో వచ్చి రిపేర్లు చూసి, సభకి ముందురోజు నాలుగూ నలభై బస్సుకి వెళ్లిపోతాడు. ఒక్క సభకైనా ఉండవయ్యా అంటే, జనంలో ఊపిరాడదంటాడు."

సెతోగుచి మోకాలు తిట్టుకుంటూ పద్దెనిమిదో పెట్టె ముందు కూర్చుంది. ఆ తాళం కన్నం అంచున చిలుం పొర మొన్న మొన్నటిదాకా చెక్కుచెదరకుండా ఉన్నట్టుంది. ఇప్పుడు దాని మీదుగా నూనె మరక కారింది.

"ఈ నూనె?"

"నేనే పోశానండీ, నిన్న. చెవి తిరగలేదు. కుట్టుమిషను నూనె పోస్తే గానీ రాలేదు. దాన్ని తెరిచి మూడేళ్లు దాటింది."

"అంటే పెట్టినవాడు తాళం తియ్యలేదు."

"మరి అద్దంలోంచి వచ్చాడంటారా?"

"అలా అన్లేదు. తాళంలోంచి రాలేదన్నాను."

పట్టీని ఆమె బల్ల మీద పరిచింది. జానెడు వెడల్పు తెల్ల గుడ్డ, ఇప్పుడు టీ డికాక్షన్ రంగుకు దిగింది. వరసలు వరసలుగా ఎర్ర దారపు ముడులు. ఒక ఆడది ఒక ముడి వేస్తే, వెయ్యిమంది వేస్తే ఒక పట్టీ. దాన్ని నడుముకు కట్టుకున్నవాణ్ణి చావు తాకదని ఆ రోజుల్లో ప్రతి తల్లీ రైల్వేస్టేషన్ల ముందు గుడ్డా సూదీ పట్టుకుని నిలబడింది. లోపలి మడతలో సిరాతో పేరు రాసుంది. ఉఎమురా మిత్సువో. కింద కుడి మూలన మాత్రం ఎర్రవి కాకుండా ముదురు మట్టిరంగు ముడులు ఒక గుంపుగా ఉన్నాయి. గుడ్డంతా చెమటకు మెత్తబడింది, ముడుల పైభాగం రాపిడికి అరిగింది. ఇది కుట్టి దాచిన పట్టీ కాదు. చాలా రోజులు ఒంటి మీద ఉన్న పట్టీ.

"అది మా పిన్ని దారం."

గుమ్మంలో చియో నిలబడి ఉంది. యాభై ఏడేళ్ల మనిషి, నల్ల కోటు, చేతిలో చిలగడదుంపల పొట్లం. ఎప్పుడూ సభ రోజు పొద్దునే వచ్చే మనిషి, ఈసారి పట్టీ సంగతి విని ఒక రోజు ముందే వచ్చేసింది. తలుపు దగ్గర వడ్రంగి లేచి దారి ఇచ్చి, గోడవైపు తిరిగి మళ్లీ కూర్చున్నాడు.

"నేత షెడ్డులో పనిచేసేది మా తోరా పిన్ని. బురదలో అద్దిన పట్టు దారం అది, ఉతికితే పోదు" అంది చియో. పట్టీ అంచుని రెండు వేళ్లతో పట్టుకుని వదిలేసింది. "నా అన్న నడుముకు కట్టుకుని వెళ్లినదండీ ఇది. నలభై ఏళ్లు సముద్రంలో ఉందనుకున్నాను."

"మీ పిన్నిగారు?"

"ఆగస్టులో పోయింది. నిన్నటికి నలభై తొమ్మిది రోజులు. గుడిలో కార్యం చేసి వస్తే, కొమాకిగారి ఫోను."

నలభై తొమ్మిదో రోజు. పోయినవాళ్లు ఇంటి చూరు వదిలే రోజు. సెతోగుచి ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత గీసింది. పెట్టినవాడు తోచిన రోజున పెట్టలేదు.

"చియోగారూ, రేపటి సభలో మీకేం పని ఉంటుంది?"

"కొమాకిగారు పేర్లు చదువుతారు. ఒక్కొక్క పేరుకీ ఇంటివాళ్లు లేచి 'ఉన్నాను' అనాలి. మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే, వాడి పేరుకి పలికేవాళ్లు లేకుండా చెయ్యకే అని. ఇరవై రెండేళ్లుగా నేనే పలుకుతున్నా. జ్వరమొచ్చినా మానలేదు."

మెట్ల మీద బూట్లు టకటకలాడాయి.

"ఆ మట్టిరంగు దారం పట్టీ ఏదీ?"

ఇన్‌స్పెక్టర్ హిడకా ఇంకా గుమ్మం దాటలేదు. సెతోగుచి చేతిలో పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఏదో అడగబోయి మింగేసింది.

"నమస్కారం అని ఒకటుంటుంది హిడకా. నీకు వేలిముద్రలు తియ్యడం నేర్పాను గానీ, అది నేర్పడం మరిచిపోయాను."

"అక్కగారూ! మీరా? ఈమధ్య తప్పిపోయిన పిల్లుల్ని వెతుకుతున్నారని విన్నాను."

"పిల్లులు నయం. దొరికాక అబద్ధాలు చెప్పవు."

హిడకా నవ్వలేదు. పట్టీ మీదికి వంగి, మట్టిరంగు ముడుల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. రెండోసారీ లెక్కపెట్టాడు.

"ముప్ఫై రెండు" అన్నాడు తృప్తిగా. "మీ పిన్ని ఏ ఏట పుట్టిందమ్మా?"

"1914. పులి ఏడు."

"అదీ! వెయ్యిమందిలో ఎవరైనా ఒక్క ముడే వెయ్యాలి. పులి ఏట పుట్టిన ఆడది మాత్రం తన వయసెంతో అన్ని ముడులు వెయ్యొచ్చు. పులి ఎంత దూరం పోయినా గుహకి తిరిగొస్తుందని కదా నమ్మకం. ఈ పద్ధతి ఎవరూ తప్పరు. అవునా అక్కగారూ?"

"అవును."

"ముప్ఫై రెండు ముడులు. 1914కి ముప్ఫై రెండు కలిపితే 1946. యుద్ధం అయిపోయి ఏడాది! అప్పుడు ఎవడు ఏ విమానం ఎక్కుతున్నాడని పట్టీ కుట్టింది ఆవిడ?" హిడకా చియోవైపు తిరిగాడు. "పిన్ని పోయాక ఇంట్లో ఆవిడ దారపు ఉండ దొరికింది. అన్నయ్య పెట్టె బోసిగా ఉందని మీకు బెంగ. కూర్చుని కుట్టారు. ముడులు ఎన్ని వెయ్యాలో మాత్రం లెక్క తప్పారు. ఒప్పేసుకోండమ్మా, ఇక్కడితో పోతుంది."

"నేనా?" చియో మొహం తెల్లబోయింది. "నా అన్న పేరు మీద నేను దొంగ వస్తువు పెడతానా?"

"మీ స్మారక సంఘం అధ్యక్షులు కుకిమోతోగారు చాలా బాధపడుతున్నారు. ఆ దళానికి నాయకుడాయన, వీళ్లందరినీ కన్నబిడ్డల్లా చూశాడు. పట్టీ సంగతి తేలేదాకా రేపు ఉఎమురా పేరు చదవొద్దన్నారు. పట్టీని నేను తీసుకుని ఆయనకి అప్పగిస్తాను. సాయంత్రం అయిదింటికి ఏర్పాట్లు చూడ్డానికి ఆయనే వస్తున్నారు."

చియో బల్ల అంచు పట్టుకుంది. పొట్లంలోంచి ఒక దుంప జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు. పేరు చదవకపోతే పలికేది లేదు. అమ్మకి ఇచ్చిన మాట రేపటితో పోతుంది.

సెతోగుచికి కోపం వచ్చింది. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"హిడకా, నీ వయసెంత?"

"ముప్ఫై తొమ్మిది. ఎందుకు?"

"మీ బామ్మనడిగితే నీకెంతంటుంది?"

"బామ్మా? ఆవిడ పాతకాలం మనిషి. నలభై అంటుంది. ఆవిడ..." హిడకా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"చెప్పు, ఆగావేం? ఆవిడ కాలంలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు. కొత్త సంవత్సరం రోజున ఊరు ఊరంతటికీ తలా ఒక ఏడు పెరిగేది. నిండిన ఏళ్లు కాదు, నడుస్తున్న ఏడు. 1914లో పుట్టిన తోరాగారికి 1914లోనే ఒకటి. అలా లెక్కపెట్టుకుంటూ రా, ముప్ఫై రెండో ఏడు ఎప్పుడు పడిందో."

హిడకా వేళ్లు మడిచాడు. పెదాలు కదిలాయి.

"1945."

"జనవరి ఒకటిన. యుద్ధం ముగిసింది ఆగస్టులో. మధ్యలో ఏడున్నర నెలలున్నాయి. ఇవాళ దొంగ పట్టీ కుట్టేవాడైతే నీలాగే లెక్కేసేవాడు. ఇది అసలైనదే. చియోగారికి క్షమాపణ చెప్పు."

కొమాకి చప్పట్లు కొట్టబోయి, గదిలో ఉన్న ఫోటోలు గుర్తొచ్చి చేతులు దించేశాడు. చియో కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి సెతోగుచికి కూడా హాయిగా అనిపించింది. ఆ హాయి అర నిమిషమే. తన నోటితో తను చెప్పిన నెల తనకే గుచ్చుకుంది.

"చియోగారూ, ఈ పట్టీ మీ అన్నయ్యకి ఎప్పుడిచ్చారు?"

"1942 వసంతంలో. స్టేషను ముందు గుడ్డ పట్టుకున్నది నేనే. పిన్ని వచ్చి తన ముడులు..."

"1942లో ఆవిడకి ఇరవై తొమ్మిదో ఏడు."

చియో నవ్వు ఆగిపోయింది. వంగి, ముడుల్ని ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. చివరి మూడింటి దగ్గర ఆమె వేలు ఆగింది.

"పిన్ని తప్పు లెక్కపెట్టి ఉంటుంది."

"వయసు తగ్గించి చెప్పే ఆడవాళ్లుంటారమ్మా. సొంత అక్క కొడుకు ప్రాణానికి వేసే ముడుల్లో తప్పు వేసేవాళ్లుండరు. ఇది మీరు పట్టుకున్న పట్టీ కాదు. రెండోది. 1945 జనవరి తర్వాత కుట్టింది."

"కానీ అన్నయ్య నవంబరులోనే..." చియో తెల్ల డబ్బావైపు చూసింది. "డబ్బా వచ్చిన తర్వాత కుట్టడమేమిటండీ? పోయినవాడికి ఎవరైనా పట్టీ కుడతారా?"

హిడకా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ జనవరిలో మీ పిన్ని ఎక్కడికైనా వెళ్లిందా?" సెతోగుచి మెల్లగా అడిగింది.

"దారం కొనాలని రెండు రోజులు ఎటో వెళ్లింది. కళ్లు వాచిపోయి వచ్చింది, దారం లేకుండా." చియో మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "ఇంకోటండీ. పిన్ని మా అన్న ఫోటో ముందు ఒక్కసారి కూడా అగరొత్తి వెలిగించలేదు. నలభై ఏళ్లలో ఒక్కసారైనా. అమ్మ ఏడ్చి అడిగినా వెలిగించలేదు. రాతిగుండె మనిషి అనుకున్నాను. ఆఖర్న మంచంలో ఉన్నప్పుడు కూడా నేను దాంతో సరిగ్గా మాట్లాడలేదు."

"బతికున్నవాడికి వెలిగించకూడదు కదమ్మా" అంది సెతోగుచి.

చియో కుర్చీలో కూలబడింది. ఆమెకు మంచినీళ్లు ఇవ్వమని కొమాకికి సైగ చేసి, సెతోగుచి మళ్లీ పెట్టె దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు పైన కాదు, కింద చూడాలి. నేల మీద వెల్లకిలా పడుకుంది.

"అక్కగారూ, ఈ వయసులో..."

"నోర్మూసుకుని ఆ టార్చి ఇటు పట్టు."

పదిహేడో పెట్టె అడుగున నాలుగు మేకులు. పందొమ్మిదికి నాలుగు మేకులు. అటూ ఇటూ పాకి చూసింది. ముప్ఫై ఆరు పెట్టెలకూ మేకులే. పద్దెనిమిదికి లేవు. అడుగు చెక్క గాడిలో కూర్చుని ఉంది, మూలన చిటికెనవేలంత చెక్క చీల. చీల లాగితే చెక్క చడీచప్పుడు లేకుండా జారింది. గాడిలో వేలు పెట్టి వాసన చూసింది. కొవ్వొత్తి మైనం, కొత్తది.

అంటే ఇది నిన్నటి ఆలోచన కాదు. పదకొండేళ్ల కింద, ఇవి చేసిన రోజునే, చేసినవాడు ఆ ఒక్క పెట్టెకి తన కోసం ఒక తలుపు ఉంచుకున్నాడు.

ఆమె లేచి బట్టలు దులుపుకుంది. నాలుగూ పద్దెనిమిది. గది చివర చిత్రిక చప్పుడు వస్తూనే ఉంది. తను వచ్చి రెండు గంటలైంది. తను వచ్చినప్పుడే ఆ తలుపు వేలితో తోస్తే జరిగేంత నున్నగా ఉంది. అయినా ఆయన దాన్ని చెక్కుతూనే ఉన్నాడు. పనిముట్ల సంచి చియో కుర్చీ పక్కనే ఉంది, అది తీసుకుని వెళ్లాలంటే ఆమె ముందుకి రావాలి.

హిడకా కూడా అటే చూస్తున్నాడు. "అడుగు తీయగలిగేది చేసినవాడే" అని గొణిగి ఒక అడుగు వేశాడు. సెతోగుచి అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. అడిగితే ఆ మనిషి కాదంటాడు. నలభై ఏళ్లుగా కాదంటూనే ఉన్నాడు. అడిగే పద్ధతి వేరే ఉంది. అది కొంచెం క్రూరమైనదే. అది తలుచుకుంటే ఆమెకే మనసు చివుక్కుమంది.

"కొమాకిగారూ, రేపటి జాబితా ఉందా? పద్దెనిమిదో పేరు ఒక్కసారి చదవండి. రేపు ఎలా చదువుతారో అలాగే, గట్టిగా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. చియోగారూ, మీరు పలకొద్దు."

చియోకి అర్థం కాలేదు, అయినా తలూపింది. కొమాకి కళ్లజోడు సర్దుకుని, నిటారుగా నిలబడి, నౌకాదళంలో హాజరు వేసినట్టు బొంగురు గొంతుతో చదివాడు.

"ఉఎమురా మిత్సువో!"

చిత్రిక ఆగింది.

గోడ గడియారం అయిదారుసార్లు టిక్కుమంది. చియో పెదవులు అలవాటుగా విడివడి, మూసుకున్నాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ పేరు పలికేవాళ్లు లేకుండా గాల్లో నిలబడింది.

గోడవైపు తిరిగి కూర్చున్న ముసలి వడ్రంగి వీపు మెల్లగా నిటారైంది. చేతులు రెండూ వాటంతటవే పక్కలకు ఆనుకున్నాయి.

"ఉన్నాను" అన్నాడు.

చియో వెంటనే లేవలేదు. ఆ చెవి లేని తలనీ, రంపపు పొట్టు అంటిన భుజాలనీ చాలాసేపు చూసింది. ఆయన టోపీ తీసి వెనక్కి తిరిగాక దగ్గరికి వెళ్లి, కాలిన చెంప మీద అరచెయ్యి వేసింది.

"ప్రతి ఏడూ ఇక్కడికొచ్చి, నేను రాకముందే పారిపోయేవాడివా అన్నయ్యా?"

"నిన్ను చూస్తే నోరు ఊరుకోదని భయమేసేదే" అన్నాడు మిత్సువో. "అమ్మ ఉన్నప్పుడు రావలసింది. అప్పటికే నా పేరు రాయి మీద చెక్కేశారు. చెక్కిన పేరు చెరిపించే ధైర్యం నాకు లేకపోయింది. తోరా పిన్ని ఒక్కదానికే తెలుసు. నిన్న దాని నలభై తొమ్మిదో రోజు. అది వేసిన ముడులు మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఎందుకు మగ్గాలి, నలుగురూ చూడనీ అనిపించింది. అంతే."

"మీరు ఎలా..." కొమాకి ఒక అడుగు ముందుకేశాడు. "అదే విమానం. మా అన్న నడిపాడు కదా. మీరు బతికితే మా అన్న..."

మిత్సువో ఆయనవైపు తిరిగి నడుం వంచి నమస్కరించాడు. అలా వంగే మాట్లాడాడు.

"ఆ రోజు ముగ్గురం బతికి బయటపడ్డాం కొమాకిగారూ. చేపల పడవవాళ్లు తీశారు. డిసెంబరులో దళానికి చేరేసరికి మేం పోయినట్టు పత్రికల్లో వేసేశారు, హోదా పెంచేశారు, డబ్బాలు ఇళ్లకి వెళ్లిపోయాయి. చక్రవర్తికి పంపిన లెక్క తప్పని చెప్పడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. మీరు ఇప్పటికే పోయినవాళ్లు, ఆ మాట నిజం చెయ్యండి, ఇంటికి ఉత్తరం రాయొద్దు అన్నారు. జనవరిలో దారం కొనడానికి వచ్చిన పిన్ని దళం కంచె దగ్గర నన్ను చూసింది. ఫిబ్రవరిలో ఈ పట్టీ తెచ్చింది. ఏప్రిల్‌లో తిరిగిరాని దాడికి బయల్దేరే రోజు నాకు ఒళ్లు తెలీని జ్వరం. నా సీట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. మీ అన్న పోయింది రేపటి తారీఖున కాదు. ఏప్రిల్ ఆరున. నలభై ఏళ్లుగా మీరు తప్పు రోజున దీపం పెడుతున్నారు. ఆ ఒక్క మాట మీకు చెబుదామని పదకొండేళ్లుగా వస్తున్నా. వచ్చి తలుపులు బాగుచేసి పోతున్నా."

కొమాకి జాబితా బల్ల మీద పెట్టి, అన్న ఫోటో ఉన్న పెట్టె అద్దాన్ని జేబురుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

సెతోగుచి గొంతు సవరించుకుంది. మింగేసిన ప్రశ్న ఇప్పుడు బయటికి తియ్యాలి.

"హిడకా, నువ్వు గుమ్మం దాటకముందే మట్టిరంగు దారం పట్టీ ఏదీ అన్నావు. అప్పటికి నువ్వు దాన్ని చూడలేదు. రంగు నీకెవరు చెప్పారు?"

"అధ్యక్షులవారు. ఫోనులో. ఆయనకి కొమాకిగారు..."

"పట్టీ ఒకటి కనబడిందని మాత్రమే చెప్పా" అన్నాడు కొమాకి, తుడవడం ఆపకుండానే. "రంగు నేను చెప్పలేదు. ఎవరి పట్టీ అయినా ఎర్రగానే కదా ఉంటుంది."

"కుకిమోతోగారు దీన్ని ముందే చూశారన్నమాట. మొదటి పట్టీ మాత్రమే చూసినవారైతే అది సముద్రంలో పోయిందనుకునేవారు. పిన్ని దీన్ని తెచ్చింది 1945 ఫిబ్రవరిలో. ఆ తర్వాత చూశారు, బతికున్న మనిషి నడుము మీద. మేస్త్రీ, మాట నిజం చెయ్యమన్నదెవరు?"

మిత్సువో కిటికీవైపు చూశాడు. కింద బడి ఆవరణలోకి నల్ల కారు ఒకటి తిరిగింది. అయిదింటికి రావలసినవాడు నాలుగున్నరకే వచ్చాడు.

హిడకా మొహంలో రంగులు మారాయి. కాసేపు ఎటూ తేల్చుకోలేక నిలబడి, చివరికి పట్టీని మడిచి అధ్యక్షుడి కోసం తెచ్చిన సంచిలో పెట్టకుండా, చియో చేతుల్లో పెట్టాడు.

"క్షమించండమ్మా" అన్నాడు. "అక్కగారూ, ఆయన పైకి వస్తే ఏం చెయ్యమంటారు?"

"నమస్కారం పెట్టు. ఇవాళే నేర్చుకున్నావుగా."

మెట్ల మీద చేతికర్ర చప్పుడు మొదలైంది. మిత్సువో చూపు పనిముట్ల సంచివైపూ, తలుపువైపూ పోయింది. చియో అది గమనించింది. అన్న ఎదుటికి వచ్చి, పట్టీని ఆయన పని చొక్కా మీదనే నడుం చుట్టూ తిప్పి, వెనక గట్టిగా ముడి వేసింది.

"కొమాకిగారూ, రేపు పద్దెనిమిదో పేరు చదవండి" అంది. "ఎవరు వద్దన్నా చదవండి. ఈసారి నేను పలకను."